ముదురు రంగు శుభలేఖ కవర్లు: అక్షరం కడుపులో చీకటి మిగలాలి

మెరూన్ కవరు మీద బంగారు రంగులో పేరు రాస్తే చూడముచ్చటగా ఉంటుంది. నేవీ బ్లూ మీద తెలుపు ఇంకా హుందాగా ఉంటుంది. విశాఖలో జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు పెళ్లికార్డుల దుకాణాల్లో ఇప్పుడు గంధం రంగు, క్రీమ్ కవర్ల పక్కనే వైన్, ముదురు ఆకుపచ్చ, నెమలి నీలం కవర్లు కూడా దొంతర్లుగా పెడుతున్నారు. నలుపు మాత్రం వద్దు. రాసేవాళ్లకు ఎంత నచ్చినా, శుభకార్యానికి నల్ల కవరు గుమ్మంలోకి వస్తే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది.

లోపలి కార్డుతో ఇబ్బందేమీ ఉండదు. ప్రెస్సువాళ్లు స్క్రీన్ ప్రింటింగ్‌లోనో ఫాయిల్‌లోనో తెలుపు, బంగారం వేసి ఇచ్చేస్తారు. తంటా అంతా ఆ తర్వాతే. ఒక్కో కవరు మీద ఒక్కో పేరు ఉండాలి కాబట్టి దానికి స్క్రీన్ కుదరదు. ఇంట్లో దస్తూరీ బాగున్న పిన్నినో బాబాయినో కూర్చోబెట్టి, పక్కవీధి దుకాణంలో తెల్ల జెల్ పెన్ను కొనిచ్చి రాయమంటారు. పది కవర్లయ్యేసరికి ఒకటి అలికిపోతుంది, ఒకటి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఒకదాని మీద పెన్ను అసలు పడదు.

తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసిన చెయ్యి ముదురు కవరు మీద అలాగే రాస్తే తెలుగు సరిగా రాదు. మన లిపి గుండ్రాల లిపి. మ, య, వ, ప, ఘ, ఏది చూసినా మధ్యలో ఖాళీ ఉంటుంది. తెల్ల సిరాలో రంగుపొడి ఎక్కువ, చిక్కదనం ఎక్కువ. అది కాగితంలోకి ఇంకదు, పైనే పొరలా కూర్చుంటుంది. గీత మనం అనుకున్నదానికంటే లావుగా పడి ఆ ఖాళీ పూడిపోతుంది. ఠ లోపలి చుక్క, థ లోపలి చుక్క కలిసిపోతాయి. ధకి ద, భకి బ అన్నట్టు కనిపిస్తాయి. ‘వెంకట’లో సున్న నిండిపోతే ఫుల్‌స్టాప్ పెట్టినట్టుంటుంది. పిన్ కోడ్‌లో 6, 8, 9, 0 పూడితే ఉత్తరమే దారి తప్పుతుంది. అందుకే పెన్ను, అక్షరం కొలత, కాగితం, మూడింటినీ ఒకే లెక్కతో ఎంచుకోవాలి: రాశాక అక్షరం కడుపులో కవరు రంగు కనబడాలి.

కవరు కొనేముందు

పెన్ను ముందు కొనండి, కవరు తర్వాత. దాదాపు అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. పెన్ను జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లి, పాడైన కవరో శాంపిలో ఒకటి అడిగి దాని మీద ‘లక్ష్మీ’, ‘వెంకట’, ‘6890’ రాయండి. కింద రెండు ఒత్తులు దొంతరగా దిగే ‘క్ష్మీ’ కంటే కష్టమైన పరీక్ష మన పేర్లలో తక్కువ. పది నిమిషాలు ఆగి బొటనవేలితో రుద్దండి. తర్వాత ఇంకో మూల వేలిని తడిచేసి కాగితం మీద అద్ది, తెల్ల కాగితానికి తుడవండి. రంగు అంటుకుంటే ఆ కవరు రంగు నీళ్లకు కరుగుతుందన్నమాట. తెల్ల జెల్ సిరాలోనూ పోస్టర్ కలర్‌లోనూ నీళ్లే ఉంటాయి. ఆ నీటికి కాగితం రంగు కరిగి పైకొచ్చి తెలుపులో కలుస్తుంది. మెరూన్ కవరు మీద రాసిన తెలుపు మర్నాటికి గులాబీ అవడానికి కారణం ఇదే. పెన్ను మార్చినా ఫలితం ఉండదు. కవరన్నా మార్చాలి, బంగారు రంగుకన్నా వెళ్లాలి.

చివరగా ఆ పాడు కవరు మూల చించి చూడండి. అంచు లోపల కూడా అదే రంగుంటే రంగు గుజ్జులోనే కలిపారు. లోపల తెల్లగా ఉంటే పైపూత మాత్రమే. పైపూత కవరు మీద తప్పు రాస్తే దిద్దడం కుదరదు, గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది.

మెరుపు లేని, పూత లేని మందపాటి కాగితం అన్నిటికంటే మంచిది. ముత్యపు మెరుపుండే మెటాలిక్ కవర్ల మీద జెల్ జారుతుంది, ఆరడానికి మూడు నాలుగు రెట్లు సమయం పడుతుంది. మ్యాట్ ల్యామినేషన్ చేసిన కవరు చేతికి మెత్తగా, ఖరీదుగా తోస్తుంది కానీ అది ప్లాస్టిక్ పొర. దాని మీద నీళ్ల సిరా పట్టదు, గోటితో గీకితే పొట్టులా లేచివస్తుంది. దానికి ఆయిల్ పెయింట్ మార్కరే గతి. చేతితయారీ కాగితంలో పీచు పాళీకి చిక్కుకుంటుంది, పల్చటి సిరా అంచుల వెంట పాకుతుంది. వెల్వెట్ కవరు మీద రాయడమనే ఆలోచనే మానుకోండి. చిన్న అట్టముక్క మీద పేరు రాసి పట్టుదారంతో కట్టాలి.

లెక్కకు పదిహేను శాతం ఎక్కువ కొనండి. రెండు వందలు కావాలంటే రెండు వందల ముప్ఫై. అదే రంగు అదే లాట్‌లో తర్వాత దొరుకుతుందని నమ్మకం లేదు.

పెన్నులు, పాళీలు, సిరాలు

యూనిబాల్ సిగ్నో తెలుపు (యుఎం-153, 1 మి.మీ.) చిక్కగా పడుతుంది, కప్పే గుణం బాగుంది. ఇంగ్లీషు అక్షరాలకు బ్రహ్మాండం. తెలుగుకు మాత్రం అక్షరం పెద్దగా రాస్తేనే. సకురా జెల్లీ రోల్ తెలుపులో 05, 08, 10 అని మూడు కొలతలున్నాయి. తెలుగు పేర్లకు 08 సరిగ్గా కుదురుతుంది, 05 సన్నగా ఉండి గరుకు కాగితం మీద తెగుతుంది. జెల్ కాకుండా పెయింట్ మార్కరే కావాలంటే పోస్కాలో 0.7 మి.మీ. మొనది తీసుకోండి. దాన్ని బాగా ఊపి, మొనను చిత్తుకాగితం మీద నొక్కి సిరా దింపుకోవాలి. కవరు మీదే నొక్కితే ముద్ద పడుతుంది, ఆ కవరు పోయినట్టే.

జెల్ పెన్నుతో వచ్చే తెగులు ఒకటుంది. పెన్ను ఎత్తి మళ్లీ ఆనించిన ప్రతిసారీ మొదట చిన్న బొట్టు దిగుతుంది. ఇంగ్లీషు కలిపిరాతలో చెయ్యి ఎత్తే పని తక్కువ. మనకు అక్షరం ఒళ్లు, తలకట్టు, గుణింతం, ఒత్తు, ఇలా ఒక్క అక్షరానికే మూడు నాలుగుసార్లు చెయ్యి లేస్తుంది. ఆ బొట్టు గుండ్రం లోపలివైపు పడితే ఖాళీ అక్కడికక్కడే సగమవుతుంది. కాబట్టి పెన్ను ఆనించేది ఎప్పుడూ గీత బయటి అంచున. తలకట్టు ఎడమ నుంచి మొదలుపెట్టండి. గీత పల్చగా పడిందని తడి మీద రెండోసారి దిద్దకండి, బాల్ కింద ఉన్న సిరా లేచిపోయి మధ్యలో చారిక మిగులుతుంది. పూర్తిగా ఆరాక దిద్దితే నిండుగా వస్తుంది.

రెండు వందల కవర్లకు నాలుగు పెన్నులు దగ్గరుంచుకుని మార్చిమార్చి వాడండి. ఒకటే గంటసేపు రాస్తే మొన దగ్గర రంగుపొడి పేరుకుని ధార తెగుతుంది. అప్పుడు చిత్తుకాగితం మీద సున్నలు చుట్టాలి. నోటితో ఊదడం, వేడినీళ్లలో ముంచడం పనికిరావు.

పాళీ కలంతో రాయగలిగిన చెయ్యి ఉంటే దాని అందం వేరు. అయితే ఇంగ్లీషు కాలిగ్రఫీకి వాడే మొనదేలిన, నొక్కితే విచ్చుకునే పాళీ తెలుగుకు నప్పదు. మన గుండ్రాల్లో చెయ్యి పైకి వెళ్లే గీతలు ఎక్కువ, పైకి తోసినప్పుడల్లా ఆ మొన కాగితంలో గుచ్చుకుని తుంపర చిమ్ముతుంది. ముదురు కవరు మీద తెల్ల తుంపర నక్షత్రాల్లా కనబడుతుంది. గుండ్రటి మొన ఉన్న పాళీ, అంటే స్పీడ్‌బాల్ బి వరుసలో అన్నిటికంటే సన్నదైన బి-6 లాంటిది, ఎటు తిప్పినా ఒకే మందం గీత ఇస్తుంది. తెలుగు ఒంటికి అదే సరిపోతుంది. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. గిన్నెల సబ్బుతో కడిగి తుడిచాకే ముంచండి, లేకపోతే సిరా చుక్కలుగా విడిపోయి జారిపోతుంది.

పాళీకి తెలుపు ఇంట్లోనే కలుపుకోవచ్చు. తెల్ల గ్వాష్ (నీళ్లతో కలిపే, కింది రంగును కప్పేసే రంగు) అయితే మేలు, క్యామెల్ పోస్టర్ కలర్ తెలుపైనా పని జరుగుతుంది. అర టీస్పూను రంగు చిన్న గిన్నెలో తీసుకుని నీళ్లు చుక్క చుక్కగా వేస్తూ కలపండి, ఎనిమిది పది చుక్కలు పడతాయి. చిక్కటి మజ్జిగలా, పుల్ల ఎత్తితే తెగకుండా జారేలా ఉండాలి. పల్చనైతే ఆరాక బూడిదరంగు అవుతుంది, చిక్కనైతే పాళీ దిగదు. ఇందులో కరిగించిన తుమ్మబంక ఒక్క చుక్క. బంక లేకపోతే ఆరాక సుద్దలా చేతికంటుతుంది. రెండు మూడు చుక్కలైతే గీత గట్టిపడి కవరు వంగినచోట పగులుతుంది. తెలుపు బరువైన పొడి, అడుగుకు దిగుతుంది. నాలుగైదు కవర్లకోసారి కలియబెట్టండి, పాళీ కడగండి. గిన్నెకు మూత తప్పనిసరి, ఫ్యాన్ గాలికి పావుగంటలో మీగడ కడుతుంది. రంగు కరిగి పైకొచ్చే కాగితమే వాడక తప్పదంటే, దాన్ని అడ్డుకోవడానికే చేసిన బ్లీడ్ ప్రూఫ్ వైట్ అనే తెలుపు డాక్టర్ పి.హెచ్. మార్టిన్స్ పేరుతో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. దాన్నీ నీళ్లతో ఇలాగే పల్చన చేయాలి.

బంగారం గురించి సముద్రపు ఊళ్లో ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ ఆలోచించాలి. బంగారు సిరాలు రెండు జాతులు. ఒకటి రాగి, జింకు కలిసిన ఇత్తడిపొడితో చేసింది. రాసిన రోజు నిజమైన బంగారంలా మెరుస్తుంది. తేమకూ గాలికీ లోహం మాడి, వారాల్లో గోధుమరంగుకో పచ్చదనానికో తిరుగుతుంది. విశాఖ ఉప్పుగాలికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. రెండోది అభ్రకం మీద రంగుపూత వేసిన పొడి. ముత్యపు మెరుపుతో వచ్చే వాటర్‌కలర్ బిళ్లలు ఈ రకమే, కొలీరో (పాత పేరు ఫైన్‌టెక్) బిళ్లలు అందరికీ తెలిసినవి. ఇందులో లోహం లేదు, కాబట్టి నల్లబడదు. బిళ్ల మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి రెండు నిమిషాలు నాననిచ్చి, కుంచెతో తీసి పాళీకి పట్టించాలి. పెళ్లి జ్ఞాపకంగా కార్డు దాచుకునేవాళ్లుంటారు కదా, వాళ్లకోసమైనా అభ్రకం బంగారమే వాడండి. కప్పే గుణం తెలుపుకున్నంత లేదు, నేవీ, ముదురు ఆకుపచ్చ మీద బాగా తేలుతుంది. వైన్ రంగు మీద ఒక్కోసారి వెలుతురు పడే కోణాన్ని బట్టి మాయమవుతుంది. అడ్రసు మొత్తం బంగారంలో రాయొద్దని చెప్పేది అందుకే. పేరు బంగారం, చిరునామా తెలుపు.

గీతలు, కొలతలు

తెల్ల కవర్లకు కింద లైటు పెట్టి గీతల కాగితం మీద రాసే పద్ధతి ఇక్కడ చెల్లదు, వెలుతురు ముదురు కాగితం దాటదు. దర్జీల దగ్గర దొరికే తెల్ల సుద్ద చాలామంది వాడతారు. దాన్లో రెండు రకాలున్నాయి. మైనం కలిసిన బిళ్ల గీస్తే ఆ గీత మీద సిరా ఎగిరి పడుతుంది, చెరిపినా జిడ్డు పోదు. మట్టిసుద్ద రకమైతే నయం. వైట్ చార్కోల్ పెన్సిల్ సన్నగా చెక్కుకుని, చెయ్యి ఆనీ ఆననట్టు గీసేది ఇంకా నయం.

వీటన్నిటికంటే మాకు నచ్చేది రంగులేని గీత. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి మెల్లగా నొక్కి గీస్తే కాగితం మీద సన్నటి గాడి పడుతుంది. టేబుల్ లైటు పక్కనుంచి వాలుగా వేస్తే గాడి నీడ కనబడుతుంది, ఎదుటినుంచి చూస్తే ఏమీ కనబడదు. చెరిపే పనే లేదు. ముదురు కవరు మీద రబ్బరు రుద్దినచోట మెరుపు మచ్చ మిగులుతుంది కాబట్టి చెరిపే పని తప్పడం పెద్ద మేలు.

ఎక్కువ కవర్లుంటే ఒక అట్ట చేసుకోండి. కవరు కొలతకు కోసిన మందపాటి అట్టలో వరుసకొక కిటికీ కోయాలి. కిటికీ కింది అంచే మీ గీత. తెలుగుకైతే ఆ అంచు దగ్గర ఒత్తులు దిగడానికి చోటు ఉండదు. కాబట్టి అట్ట పెట్టి రెండు చివర్లా చిన్న గాట్లు గుర్తుపెట్టి, అట్ట తీసేసి రాయండి.

కొలతలు ఇలా లెక్కేయండి. 08 జెల్ పెన్నుతో అక్షరం ఒళ్లు 6 మి.మీ.కి తగ్గకూడదు, 1 మి.మీ. సిగ్నోతో అయితే 8. పైన గుడి, గుడిదీర్ఘం, ఏత్వం 3 మి.మీ. తింటాయి, కింద ఒత్తులు 4 మి.మీ. అంటే వరుసకూ వరుసకూ మధ్య 13 నుంచి 14 మి.మీ. కావాలి. 7×5 అంగుళాల కవరు ఎత్తు 127 మి.మీ. నాలుగు వరుసలకు 55 మి.మీ. పోతుంది. పైన కుడిమూల స్టాంపులకూ ముద్రకూ 7 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు వదలాలి. అడుగున ఒకటిన్నర సెంటీమీటరు. లెక్క సరిపోతుంది, కానీ ఐదో వరుస పెడితే ఇరుకైపోతుంది. చిరునామా ఐదు వరుసలుంటే అక్షరం తగ్గించకండి, ‘దగ్గర’, ‘ఎదురుగా’, ‘వెనక సందు’ లాంటి మాటలు తీసేయండి. చదవగలిగే ఇంటి నంబరూ పిన్నూ ఉంటే గుడి ఎదురుగా అని చెప్పక్కర్లేదు.

ఇంటి నంబర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. మన ఊళ్లో నంబరు మూడు గుంపులుగా, మధ్యలో అడ్డగీతలతో, చివర స్లాష్‌తో ఉంటుంది. చేత్తో రాసినప్పుడు స్లాష్ నిటారుగా నిలబడితే 1 అయిపోతుంది, 7/1 కాస్తా 711 అవుతుంది. స్లాష్‌ను బాగా వాల్చండి, వరుస కిందికి కొంచెం దింపండి. ఎంవీపీ కాలనీ అయితే సెక్టారు నంబరు ముఖ్యం, ఇంటి నంబరు ముందున్న ఎంఐజీ, ఎల్‌ఐజీ అక్షరాలు కూడా వదలొద్దు.

పిన్ కోడ్ చివరి వరుసలో, మిగతావాటికంటే ఒక మిల్లీమీటరు పెద్దగా, అంకెల మధ్య చోటిచ్చి రాయండి. జాబితాలోనే తప్పులు పట్టుకోవడానికి మొదటి మూడంకెలు చూస్తే చాలు. విశాఖ నగరం 530, అనకాపల్లి వైపు 531, శ్రీకాకుళం 532, గోదావరి జిల్లాల్లో రాజమండ్రి, కాకినాడ 533, విజయనగరం 535. ఎంవీపీ కాలనీ 530017, గాజువాక 530026, ఉక్కునగరం 530032. గాజువాక చుట్టాల పక్కన 520తో మొదలయ్యే నంబరుంటే అది బెజవాడ పిన్ను, ఎక్కడో వేలు జారింది. ఈ సరిచూసే పని కవరు ముట్టుకోకముందే అయిపోవాలి. తెల్ల సిరా మీద దిద్దుబాటుకు తావు లేదు.

ఏది చేత్తో ఇస్తాం, ఏది పోస్టులో పంపుతాం

కవర్లన్నిటి మీదా చిరునామా రాయడం సగం వృథా శ్రమ. మన పెళ్లిళ్లలో ఊళ్లో ఉన్నవాళ్లను ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం. ఆ కవరుకు పేరు చాలు. జాబితాను ముందే రెండుగా విడదీయండి. చేత్తో ఇచ్చేవాటి మీద పేరు మధ్యలో, 9 లేదా 10 మి.మీ. అక్షరంతో, ఒకటి రెండు వరుసల్లో రాయండి. ముదురు కవరు అందమంతా అక్కడ బయటపడుతుంది.

పోస్టులో, కొరియర్‌లో వెళ్లేవాటికి మా సలహా ఒక్కటే: ముదురు కవరు మీద పేరు మాత్రం రాసి, దాన్ని కాస్త పెద్ద క్రీమ్ కవరులో పెట్టి, చిరునామా దాని మీద నీలం సిరాతో రాయండి. పోస్టాఫీసు ముద్ర నల్లసిరా, ముదురు కవరు మీద స్టాంపు దాటిన భాగం కనబడదు. స్పీడ్ పోస్టు బార్‌కోడ్ స్టిక్కరు, కొరియర్ వాళ్ల చీటీ మీరు కష్టపడి రాసిన పేరు మీదే అంటించినా అడగలేం, తీయబోతే కాగితం పొరతో సహా లేస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి రసీదు కావాలనుకునేవాళ్లకు ఆ స్టిక్కరు తప్పదు. మామూలు ఉత్తరంగా పంపేటప్పుడు బరువును 20 గ్రాముల లెక్కన కడతారు. కార్డు, లోపలి రెండు మూడు షీట్లు, కుచ్చు, అక్షింతల పొట్లం, బయటి కవరు అన్నీ పెట్టి ఒకదాన్ని తూయించాకే స్టాంపులు కొనండి.

తెలుగులో రాసే చిరునామాలు తెలుగు ఊళ్లకే. బరంపురం, రాయపూర్, ఖరగ్‌పూర్, బెంగళూరు వెళ్లేవి ఇంగ్లీషులో రాయండి. పేరు మాత్రం లోపలి కవరు మీద తెలుగులో ఉంచండి, దూరాన ఉన్నవాళ్లకు అదే పుట్టింటి వాసన.

రెండు కవర్లు ఖర్చనుకుంటే లేబుల్ ఒక దారి. పారదర్శక లేబుల్ మీద నల్ల అక్షరాలు ముదురు రంగులో మునిగిపోతాయి. క్రీమ్ లేదా తెల్ల లేబులే కావాలి. ఎ4 షీటుకు 14 వచ్చేవి (99.1 × 38.1 మి.మీ.) తెలుగు చిరునామాకు సరిపోతాయి. డీటీపీ సెంటరుకు జాబితా ఇస్తే ఒక చిక్కు వస్తుంది. మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, చాలామంది ఇంకా వాడేది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, ప్రింటు తీశాక ప్రతి పేరూ చదవాలి. యూనికోడ్‌లోనే చేయిస్తే మండలి ఫాంటు చిన్న సైజులో కూడా స్పష్టంగా ఉంటుంది. రామభద్ర శీర్షికలకు బాగుంటుంది కానీ ఇంత చిన్నగా వేస్తే ఖాళీలు పూడతాయి, మళ్లీ అదే కథ.

చేత్తో రాసే ఓపిక లేకపోయినా బంగారం కావాలంటే ఇంకో ఉపాయం. కవరు మీద పేరును లేజర్ ప్రింటర్‌లో నల్లగా కొట్టించి, పైన టోనర్ ఫాయిల్ పరిచి వేడి ల్యామినేటర్‌లో నడిపితే టోనర్ (లేజర్ ప్రింటరు వాడే నల్లపొడి) ఉన్నచోట మాత్రమే ఫాయిల్ అతుక్కుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటుకు అంటదు. కవరు నున్నగా ఉండాలి, అంచుల్లో మడతల మందం వల్ల అక్షరాలు తెగుతాయి కాబట్టి పేరు మధ్యలోనే. జిగురు పూసిన మూత ఉన్న కవర్లను ఇందులో పెట్టకండి, వేడికి అతుక్కుపోతాయి.

ఆరబెట్టడం, పసుపు

శ్రావణంలో ముహూర్తాలుంటే రాత పని ఉక్కపోతలో, వానలో పడుతుంది. పొడివాతావరణంలో పది నిమిషాల్లో ఆరే జెల్ ఇక్కడ అరగంట తీసుకుంటుంది, మెటాలిక్ మీద అయితే రాత్రంతా. కవర్లను పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అడుగు అంచు మీద ఇంకొకటి ఆనేలా పరవండి, రాత మీద ఏదీ పడకూడదు. దొంతర పెట్టేది మర్నాడే, మధ్యలో బటర్ పేపరు వేసి. జిగురు మూతలు తేమకు వాటంతటవే అతుక్కుంటాయి కాబట్టి మూతలు తెరిచే ఉంచాలి.

చెమట చెయ్యి ముదురు కాగితానికి శత్రువు. అరచేతి జిడ్డు మెరుపు మచ్చగా పడితే ఇక పోదు. చేతి కింద చిత్తుకాగితం పెట్టుకోండి, లేదా నూలు గ్లవుజు మూడు వేళ్లు కత్తిరించి తొడుక్కోండి. పౌడరు రాసుకోవద్దు, ముదురు రంగు మీద అది తెల్లగా తేలుతుంది.

పసుపు సంగతి. నాలుగు మూలలా తడిపసుపు అద్దడం మన ఆచారం, మానమని చెప్పం. రాత పూర్తిగా ఆరిన మర్నాడు అద్దండి. పోస్టర్ కలర్‌తో రాస్తే అది నీళ్లు తగిలిన ప్రతిసారీ కరుగుతుంది, వేలి తడి పేరు దాకా పాకకూడదు. పసుపు ముద్దలా గట్టిగా కలిపి, వేలికొనతో పల్చగా అద్దాలి. మందంగా పెడితే ఎండి రాలి, దొంతరలో పక్క కవరు మీద పచ్చటి దుమ్ము కూర్చుంటుంది. నూనె కలపవద్దు, మరక చుట్టూ వలయం కడుతుంది. మెరూన్ మీద కుంకుమ ఎలాగూ కనబడదు కాబట్టి కుంకుమ బొట్టు లోపలి కార్డుకు పెట్టుకోవచ్చు.

మొదటి శుభలేఖ దేవుడిది. సింహాచలం వెళ్లేవాళ్లు ‘శ్రీ వరాహ లక్ష్మీ నరసింహ స్వామి’ అని రాయాలి, బురుజుపేట వెళ్లేవాళ్లు ‘శ్రీ కనక మహాలక్ష్మి అమ్మవారు’ అని. రెండింట్లోనూ శ్రీ ఉంది, క్ష్మ ఉంది. చెయ్యి బిగుసుకుని ఉన్నప్పుడు మొదటి కవరుగా దీన్ని పట్టుకోకండి. పది చిత్తు కవర్ల మీద ఈ పేరే సాధన చేసి, చెయ్యి తిరిగాక రాయండి. క్రావడి చుట్టు శ ఎడమవైపుకు వెళ్తుంది కాబట్టి వరుస మొదట్లో 5 మి.మీ. ఎక్కువ వదలాలి. ఈ మాట ప్రతి కవరుకూ వర్తిస్తుంది, ఎందుకంటే దాదాపు ప్రతి పేరూ శ్రీతోనే మొదలవుతుంది.

పేర్ల మర్యాదలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. భర్త పోయిన పెద్దావిడకు కొందరు ఇంకా ‘గం.భా.స.’ (గంగా భాగీరథీ సమానురాలు) అని రాస్తున్నారు. ‘శ్రీమతి’ అనో, పేరు చివర ‘గారికి’ అనో రాయండి. వెలిగిపోయే అక్షరాలతో పెళ్లికి పిలుస్తూ ఆవిడ కష్టాన్ని గుర్తుచేయడమెందుకు?

తప్పు రాస్తే తడిమీద తుడవకండి, అలుకుడు మచ్చ పడుతుంది. పూర్తిగా ఆరాక, లోపలిదాకా రంగున్న కాగితమైతే, కొత్త బ్లేడు మొనతో చుక్కనో తోకనో గీకి తీయవచ్చు. అంతకు మించిన తప్పయితే కవరు పక్కన పెట్టేయండి, చేతిసాధనకు పనికొస్తుంది.

మొత్తం రాశాక కనీసం పది ఖాళీ కవర్లు, వాడిన పెన్నుల్లో ఒకటి కలిపి జిప్ కవరులో వేసి పెళ్లిరోజు దాకా ఉంచండి. జెల్ పెన్ను మొన కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టాలి, పడుకోబెట్టినా పరవాలేదు, మొన పైకి మాత్రం వద్దు. చివరి వారంలో మర్చిపోయిన పేర్లు గుర్తొస్తూనే ఉంటాయి, అప్పటికప్పుడు వేరే పెన్నుతో రాసిన కవరు ఇట్టే తెలిసిపోతుంది.